వార్డెన్ లేని చదువు: బీటెక్ ఫస్టియర్‌లో చేరినవాళ్లకు

ఇంటర్ మ్యాథ్స్ 2ఏ పేపర్లో నాకు 75కి 75 వచ్చాయి. ఆ మెమోని మా నాన్న లామినేషన్ కూడా చేయించాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే బీటెక్ మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, మ్యాథ్స్‌లో సింగిల్ డిజిట్, సెమిస్టర్ ముగిసేసరికి ఎం-వన్ (మొదటి మ్యాథ్స్ పేపర్) ఫెయిలై బ్యాక్‌లాగ్. అదే బుర్ర, అదే చెయ్యి. సిలబస్ కూడా మరీ కొత్తదేం కాదు, మ్యాట్రిసెస్, డిఫరెన్షియేషన్ ఇంటర్లో నమిలి మింగినవే. చాలా రోజులు సార్‌ని తిట్టుకున్నా, పేపర్ దిద్దినవాళ్లను తిట్టుకున్నా, తిట్టడానికి ఎవరూ మిగలక అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తేలింది ఏంటంటే, ఇంటర్లో నేను చదవలేదు, నన్ను చదివించారు.

రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్లకు తెలుసు. తెల్లారకముందే వార్డెన్ తలుపు బాదుతాడు. స్టడీ అవర్‌లో కుర్చీ ఎక్కడుండాలో కూడా వాళ్లే చెబుతారు. ఫోన్ ఉండదు. వారం వారం పరీక్ష, దాని మార్కులు ఇంటికి మెసేజ్. డౌట్ ఉంటే పక్కనే తిరిగే జూనియర్ లెక్చరర్. అది మంచి పద్ధతి అని నేను చెప్పను, రెండేళ్లు పిల్లల్ని పిండేసే పద్ధతి అది. కానీ అందులో ఐదు పనులు జరిగేవి: గంట కొట్టడం, కూర్చోబెట్టడం, పరీక్ష పెట్టడం, డౌట్ తీర్చడం, లెక్క చూపించడం. బీటెక్‌లో చేరిన రోజునుంచి ఈ ఐదు పనులూ ఎవరూ చేయరు. ఫస్టియర్‌లో బోల్తా పడేవాళ్లలో చాలామంది తెలివి తక్కువై కాదు, ఆ వార్డెన్ ఉద్యోగం ఖాళీ అయిందని గమనించకపోవడం వల్ల పడతారు. ఆ ఉద్యోగంలో నిన్ను నువ్వే ఎలా పెట్టుకోవాలో చెప్పడమే నా పని.

మా బాబాయి కూతురు ఈ ఏడాది సీఎస్‌ఈలో చేరింది, దానికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇవన్నీ. జేఎన్‌టీయూ కింద ఉండే మామూలు ప్రైవేటు కాలేజీని మనసులో పెట్టుకుని రాస్తున్నా. డిగ్రీ వాళ్లకూ సగం పైగా పనికొస్తాయి.

ముందు రూల్స్ పుస్తకం చదువు

నవ్వొస్తుంది కానీ, మొదటి వారంలో చేయాల్సిన పని ఇదే. మీ బ్యాచ్‌కి ఒక రెగ్యులేషన్ ఉంటుంది, ఆర్22, ఆర్23 అంటుంటారు చూడు, అదే. అది పీడీఎఫ్‌లో యూనివర్సిటీ సైట్‌లో, సొంతంగా సిలబస్, పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే దాని సైట్‌లో ఉంటుంది. మార్కుల పద్ధతి, పాస్ మార్కు, అటెండెన్స్, పై సంవత్సరానికి వెళ్లడానికి ఎన్ని క్రెడిట్లు కావాలి, అన్నీ అందులోనే ఉంటాయి. సీనియర్ చెప్పిన రూల్ వాడి రెగ్యులేషన్‌ది, నీది కాకపోవచ్చు. "మా అన్న చెప్పాడు ఏం కాదని" అనేవాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు, తర్వాత డిటెయిన్ లిస్టులో కూడా వాడే ఉంటాడు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22లో ఒక్కో థియరీ సబ్జెక్టుకి 40 ఇంటర్నల్ (మిడ్స్, అసైన్‌మెంట్లు లాంటివి), 60 ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష). ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి, మొత్తం కలిపి కనీసం 40 రావాలి. ఆంధ్రాలో ఆర్23లో 30, 70 లెక్క, అక్కడ రెండు మిడ్స్‌లో బాగా రాసినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. ఇవి తెలిస్తే ఏం ఒరుగుతుంది అంటావా? లెక్క చూడు. 40-60 పద్ధతిలో నీకు 70 మార్కులు కావాలనుకుందాం. ఇంటర్నల్స్‌లో 35 తెచ్చుకుని ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 60కి 35 చాలు. ఇంటర్నల్స్‌లో 20 దగ్గర ఆగిపోతే ఎక్స్‌టర్నల్‌లో 60కి 50 తేవాలి. 35 తేవడం మామూలు విద్యార్థి పని, 50 తేవడం టాపర్ పని. "మిడ్స్‌దేముందిలే, ఎక్స్‌టర్నల్‌లో కుమ్మేద్దాం" అనుకునేవాడు తనకు తెలియకుండానే టాపర్‌తో పందెం కాస్తున్నాడు.

క్రెడిట్ల సంగతి కూడా అంతే. వారానికి ఒక గంట క్లాసుకి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కి ఒక క్రెడిట్, నాలుగేళ్లకి సుమారు 160. ఎస్‌జీపీఏ, అంటే సెమిస్టర్ మొత్తానికి వచ్చే సగటు గ్రేడు, దాని లెక్కలో ప్రతి గ్రేడు పాయింటునీ ఆ సబ్జెక్టు క్రెడిట్లతో గుణిస్తారు. కాబట్టి నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్‌లో ఒక గ్రేడు పెరిగితే వచ్చే లాభం, ఒక క్రెడిట్ ల్యాబ్‌లో ఒక గ్రేడు పెరిగితే వచ్చేదానికి నాలుగింతలు. అయినా మనవాళ్లు ల్యాబ్ రికార్డుకి రంగు స్కెచ్‌లతో బోర్డర్లు కొడుతూ రాత్రంతా కూర్చుంటారు, మ్యాథ్స్ అసైన్‌మెంట్ మాత్రం పొద్దున బస్సులో పక్కవాడి దాంట్లోంచి ఎక్కిస్తారు.

ఇక అటెండెన్స్. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండొనేషన్ ఫీజు (తగ్గిన అటెండెన్స్‌ని మాఫీ చేయడానికి కట్టేది) కట్టి, వాళ్లు ఒప్పుకుంటే పరీక్ష రాస్తావు. 65 కంటే తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో కూర్చోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లకైతే 75 అనేది డబ్బుతో ముడిపడిన సంగతి, అది తగ్గితే ఆ భారం ఇంటిమీద పడుతుంది.

బంక్ కొట్టొద్దని నేను చెప్పను, చెప్పినా వినవు, నేనూ వినలేదు. లెక్క మాత్రం తెలుసుకుని కొట్టు. ఇప్పటికి 200 క్లాసులు జరిగితే నువ్వు 140కి వెళ్లావనుకో, అంటే 70 శాతం. ఇంకో ఐదు శాతమే కదా అనిపిస్తుంది. కానీ 75కి రావాలంటే ఒక్కటి కూడా మానకుండా వరసగా 40 క్లాసులకు వెళ్లాలి. అదే 120కి వెళ్లి 60 శాతం దగ్గర ఉంటే, వరసగా 120 క్లాసులు. రోజుకి ఆరు పీరియడ్లు అనుకుంటే 20 పనిదినాలు. దిగడం మెట్లు దిగినట్టు ఉంటుంది, ఎక్కడం బావిలోంచి చేదుకున్నట్టు. ఇంకోటి, ఉన్న 25 శాతాన్నీ సినిమాలకి ఖర్చుపెట్టేయకు. సెమిస్టర్ చివర్లో నీకు జ్వరం రావచ్చు, అక్క పెళ్లి రావచ్చు. సగం అలాంటి వాటికి దాచిపెట్టు.

గంట నువ్వే కొట్టుకోవాలి

ఇంటర్ అలవాటుతో చాలామంది చేసే తప్పు, మొదటి వారంలోనే పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదకొండు వరకు టైమ్‌టేబుల్ వేసుకోవడం. నాలుగు రంగుల పెన్నులతో నేనూ వేశా. మూడో రోజుకి గోడమీద దాన్ని చూస్తే నాకే సిగ్గేసి చించేశా. బీటెక్‌కి అంత అక్కర్లేదు. మామూలు రోజుల్లో కాలేజీ అయ్యాక గంటన్నర చాలు, కానీ ఆ గంటన్నర రోజూ ఉండాలి, ఒకే వేళకి ఉండాలి.

ఆ వేళని గడియారంతో కట్టేయకు, ఎలాగూ రోజూ జరిగే ఏదో ఒక పనితో కట్టెయ్. డే స్కాలర్ అయితే బస్సు దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, టీ తాగుతావు కదా, గ్లాసు సింకులో పెట్టగానే కుర్చీలో కూర్చోవడం. హాస్టల్ అయితే సాయంత్రం స్నాక్స్ తర్వాత, మెస్‌లో భోజనానికి గంట కొట్టేవరకు. భోజనం తర్వాత చూద్దాంలే అనుకున్నావా, అయిపోయింది, ఆ తర్వాత రూమ్‌లోకి నలుగురు వస్తారు, ఎవడో లూడో తీస్తాడు. హాస్టల్ రూమ్‌లో కూర్చోవడం కష్టమైతే లైబ్రరీకో, ఖాళీ క్లాస్‌రూమ్‌కో వెళ్లు. మంచం మీద మాత్రం వద్దు. మంచం నిద్రకి అలవాటుపడింది, దాని పని అది చేస్తుంది.

ఫోన్ గురించి నీతులు చెప్పను. ఒక్కటే పని, చదివే గంటన్నరా అది చేతికి అందకూడదు. సైలెంట్‌లో పెట్టి పక్కన బోర్లా పెట్టడం కాదు, వేరే గదిలో, లేదంటే బ్యాగు అడుగున. మా చెల్లెలు ఫోన్‌ని వాళ్లమ్మకు ఇచ్చేస్తుంది, అది కొంచెం తీవ్రమే కానీ పనిచేస్తోంది. ఒకే బిగిన కూర్చోలేకపోతే 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు లేచి తిరుగు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టిన పద్ధతి అది. మన ఇంట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టి చదివినా నాకు అభ్యంతరం లేదు.

రోజూ గంటన్నర బస్సు ప్రయాణం ఉంటే అందులో చదవాలని ఒత్తిడి పెట్టుకోకు. పడుకో. రాత్రి సరిగా నిద్రపోనివాడు పొద్దున మొదటి పీరియడ్‌లో కూర్చున్నా ఒకటే, కూర్చోకపోయినా ఒకటే, అటెండెన్స్ తప్ప ఏమీ రాదు.

ఆదివారం పరీక్ష

ఇంటర్ యంత్రంలో బాగా పనిచేసిన భాగం ఏదైనా ఉందంటే అది వారం వారం పెట్టే పరీక్షే. అది పోవడం వల్లే నేను మునిగా అని ఇప్పుడు కచ్చితంగా చెప్పగలను.

మనం చదవడం అంటే ఏం చేస్తాం? నోట్స్ తీసి, హైలైటర్‌తో పసుపు పూసి, రెండోసారి, మూడోసారి చదువుతాం. మూడోసారికి అన్నీ తెలిసినట్టే అనిపిస్తుంది. అలా అనిపించడమే మోసం, చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 2006లో దీనిమీద ఒక ప్రయోగం వేశారు. కొంతమంది విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొంతమంది ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే పుస్తకం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. రాత్రి చదివి పొద్దున మిడ్ రాసి బయటపడి, అదే పాఠం ఎక్స్‌టర్నల్ నాటికి కొత్తగా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమైందా.

కాబట్టి పద్ధతి ఇది. క్లాసులో నోట్స్ రాసేటప్పుడు పేజీకి ఎడమవైపు రెండు అంగుళాలు ఖాళీ వదిలెయ్. సాయంత్రం కూర్చున్నప్పుడు ఆ ఖాళీలో, పక్కన రాసినదానికి ప్రశ్న రాయి. "ర్యాంక్ అంటే ఏమిటి, ఎషెలాన్ ఫామ్‌కి ఎలా తెస్తారు" ఇలా. తర్వాత కుడివైపు చేత్తో మూసి, ప్రశ్న చూసి జవాబు చిత్తు కాగితం మీద రాయి. రాని చోట మాత్రమే చెయ్యి తియ్యి. ఒక్కో సబ్జెక్టుకి పది, పదిహేను నిమిషాలు పడుతుంది, అంతే. అదే రోజు చేయడంలో కిటుకు ఉంది, కొత్తగా విన్నది మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని ఎబింగ్‌హాస్ అనే జర్మన్ 1885లోనే తనమీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఆ తర్వాత ఆదివారం ఒకసారి, మిడ్ ముందు ఒకసారి అవే ప్రశ్నలు చూస్తే చాలు.

ఆదివారం పొద్దున గంటసేపు నీకు నువ్వే పరీక్ష పెట్టుకో. ప్రశ్నలు పాత పేపర్లలోంచి తియ్యి. మన పేపర్ల పద్ధతి తెలిసిందే, సబ్జెక్టుకి ఐదు యూనిట్లు, ఎక్స్‌టర్నల్‌లో యూనిట్‌కి ఒక పెద్ద ప్రశ్న, ఇది లేదా అది. మొదటి మిడ్‌కి రెండున్నర యూనిట్లు. అంటే ఒక యూనిట్ పూర్తిగా వదిలేస్తే ఆ ప్రశ్న పోయినట్టే, పక్క యూనిట్‌లో రెండూ వచ్చినా ఒకటే రాయగలవు. ఐదు యూనిట్లలో తలా సగం తెలిసినవాడికి, మూడు యూనిట్లు పూర్తిగా తెలిసినవాడికంటే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. గత నాలుగైదేళ్ల పేపర్లు ముందేసుకుని ఏ యూనిట్ నుంచి ఏ రకం ప్రశ్న వస్తోందో ఒక కాగితం మీద రాసుకుంటే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది.

జిరాక్స్ షాపులో దొరికే ఆల్-ఇన్-వన్ గురించి అడుగుతారు. కొనుక్కో, తప్పేం లేదు. దాన్ని ప్రశ్నల జాబితాగా వాడు, జవాబుల కోసం నీ నోట్స్‌కో, టెక్స్ట్‌బుక్‌కో వెళ్లు. అందులో లెక్కల మధ్య స్టెప్పులు మింగేస్తారు, ఒక్కోసారి సమాధానమే తప్పుంటుంది, క్లాసులో నలభై మంది ఒకే తప్పు రాస్తే దిద్దేవాళ్లకు ఏ పుస్తకంలోదో కూడా తెలిసిపోతుంది.

మూడు సబ్జెక్టుల గురించి విడిగా చెప్పాలి

ఎం-వన్: చూసి అర్థం చేసుకోవడం మానెయ్. ఐగెన్ వాల్యూస్ లెక్క యూట్యూబ్‌లో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, పెన్ను పట్టుకుంటే మూడో లైన్లో మైనస్ గుర్తు ఎక్కడో పోతుంది. రోజుకి మూడు లెక్కలు, పుస్తకం మూసి, చివరి సమాధానం వరకు. తప్పు వస్తే చెరపకు, ఎర్ర పెన్నుతో పక్కన ఎక్కడ తప్పిందో రాయి. నెల తర్వాత ఆ ఎర్ర గీతలు చూసుకుంటే నువ్వు చేసే తప్పులు మొత్తం మూడో నాలుగో రకాలేనని తెలుస్తుంది. నావి రెండే, గుర్తులు మార్చడం, తొందరలో రో ఆపరేషన్ తప్పుగా ఎక్కించడం. అవి చూసుకుని సరిచేసుకున్నాకే సప్లీలో, అంటే ఫెయిలైనవాళ్లకు మళ్లీ పెట్టే సప్లిమెంటరీ పరీక్షలో, పాసయ్యా. క్లాసులో అస్సలు అర్థం కాకపోతే ఎన్‌పీటీఈఎల్ అనే సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వేగం కొంచెం నెమ్మదే కానీ స్టెప్పులు మింగరు.

సీ ప్రోగ్రామింగ్: ల్యాబ్ ఎక్స్‌టర్నల్ కోసం ఇరవై ప్రోగ్రాములు బట్టీ పట్టేవాళ్లను చూశా. పరీక్షలో ఎగ్జామినర్ "పైనుంచి కిందికి కాకుండా కిందినుంచి పైకి ప్రింట్ చెయ్యి" అంటాడు, అంతే, చేతులెత్తేస్తారు. దానికి బదులు ప్రతి ప్రోగ్రామ్‌నీ ముందు కాగితం మీద డ్రై రన్ చెయ్యి, అంటే లూప్ తిరిగిన ప్రతిసారీ ఐ విలువ ఎంత, సమ్ విలువ ఎంత అని బల్ల గీసి నింపు. తర్వాత నీ చేత్తో టైప్ చెయ్యి, కాపీ పేస్ట్ వద్దు. అది పనిచేశాక ఒక చిన్న మార్పు చెయ్యి, ఐదింటికి బదులు పదింటికి, పెద్దదానికి బదులు చిన్నది. స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌శాండ్ మర్చిపోవడం, పోల్చాల్సిన చోట ఒకటే ఈక్వల్ గుర్తు పెట్టడం, ఈ రెండు తప్పులూ నువ్వు చేస్తావు, అందరూ చేస్తారు, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్లోనే సీ కంపైలర్ యాప్‌లు ఉన్నాయి, ఫస్టియర్‌కి అవి సరిపోతాయి. ల్యాప్‌టాప్ కొనమని ఇంట్లో మొదటి నెలే గొడవ పెట్టకు.

డ్రాయింగ్: క్లాసులో షీటు క్లాసులోనే పూర్తి చెయ్యి. ఇంటికి తీసుకెళ్లిన షీటు పూర్తవ్వదు, రెండోది దానిమీద పడుతుంది, సెమిస్టర్ చివర్లో డ్రాఫ్టర్ (గీతలు గీసే పరికరం) అరువు అడుగుతూ రూమ్ రూమ్ తిరిగి పన్నెండు షీట్లు ఒక్క రాత్రిలో ట్రేస్ చేస్తారు. ప్రొజెక్షన్స్ బుర్రకెక్కకపోతే అగ్గిపెట్టె, పెన్సిలు, పుస్తకం తీసుకుని గోడ మూలన పెట్టి పైనుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి చూడు. కొన్ని చోట్ల ఇప్పుడు ఆటోక్యాడ్‌లో చేయిస్తున్నారు, అయినా ముందు కంటికి కనిపించాలి, సాఫ్ట్‌వేర్ తర్వాత.

ల్యాబ్ రికార్డు ఏ వారానిది ఆ వారమే రాసేయ్. వైవాలో అడిగేవి చాలావరకు ఆ రికార్డులోవే.

తెలుగు మీడియం నుంచి వచ్చావా

ఇది కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేనూ పదో తరగతి వరకు తెలుగు మీడియమే.

మొదటి నెల క్లాసులో ఏమీ అర్థం కాదు, అర్థం కావట్లేదని చెప్పడానికీ ఇంగ్లీష్ రాదు. పక్కన సిటీ పిల్లలు గడగడా మాట్లాడుతుంటే వాళ్లకు అన్నీ తెలుసు అనుకుంటాం. మిడ్ మార్కులు వచ్చాక చూస్తే వాళ్లకూ అంతంతమాత్రమే. ఇంగ్లీష్ రావడం, సబ్జెక్టు రావడం రెండు వేర్వేరు పనులని ముందు మనసులో విడదీసుకో.

సబ్జెక్టుకి ఏం చేయాలంటే, ముందు విషయాన్ని తెలుగులో అర్థం చేసుకో. తెలుగులో చెప్పే వీడియోలు చూడు, ఫ్రెండ్‌ని తెలుగులో అడుగు, సిగ్గు అక్కర్లేదు. అర్థమయ్యాక అదే విషయాన్ని టెక్స్ట్‌బుక్‌లో ఇంగ్లీష్‌లో చదువు. ఇప్పుడు వాక్యం కొత్తగా ఉంటుంది కానీ విషయం తెలిసిందే కాబట్టి భయం వేయదు. రోజుకి ఒక్క పేజీ. డిఫైన్, డిరైవ్, డిస్టింగ్విష్, ఇల్లస్ట్రేట్, జస్టిఫై, ప్రశ్నల్లో వచ్చే ఇలాంటి పదాలు ఇరవైకి మించవు, ఒక్కో పదానికి ఏం రాయమంటున్నారో ముందే తెలుసుకుని పెట్టుకో. జవాబులు చిన్న వాక్యాల్లో రాయి. పెద్ద వాక్యం రాయబోయి మధ్యలో ఇరుక్కోవడం కంటే నాలుగు చిన్న వాక్యాలు, ఒక బొమ్మ, ఒక ఫార్ములా మేలు.

మాట్లాడటానికి ఇంగ్లీష్ ల్యాబ్‌లో జామ్ అని పెడతారు, ఒక్క నిమిషం ఏదో ఒక టాపిక్ మీద మాట్లాడాలి. అందరూ వెనక్కి తప్పుకుంటారు. నువ్వు మాత్రం తప్పుకోకు. మొదటిసారి నేను ఇరవై సెకన్లు మాట్లాడి, మిగతా నలభై సెకన్లు ఫ్యాన్ వైపు చూశా, క్లాసంతా నవ్వారు. మరుసటి వారం ఆ నవ్వు ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప. ఫస్టియర్‌లో నవ్వించుకోవడం చవక, అదే పని ఫైనల్ ఇయర్‌లో ఇంటర్వ్యూ బోర్డు ముందు చేస్తే ఖరీదెక్కువ.

డౌట్ అడగడం నేర్చుకోవాలి

ఇంటర్లో డౌట్లు తీర్చేవాళ్లు మన బెంచీ దగ్గరికే వచ్చేవాళ్లు. ఇక్కడ మనం వెళ్లాలి. వెళ్లి "సార్, మూడో యూనిట్ అర్థం కాలేదు" అంటే ఏ సార్ అయినా ఏం చేస్తాడు? "క్లాసులో ఏం చేస్తున్నావ్" అంటాడు. అదే నువ్వు చేసిన కాగితం తీసుకెళ్లి, "సార్, ఇక్కడివరకు వచ్చింది, ఈ స్టెప్ నుంచి మీ జవాబుకీ నా జవాబుకీ తేడా వస్తోంది, ఒకసారి చూస్తారా" అని అడుగు. కసురుకునేవాళ్లు కూడా పెన్ను తీసుకుంటారు. నీ ప్రయత్నం కాగితం మీద కనిపిస్తోంది కాబట్టి. భోజనం టైములో వెళ్లకు, ఆఖరి పీరియడ్ అయ్యాక బస్సుకి ముందు పది నిమిషాలు దొరుకుతాయి, అప్పుడు వెళ్లు. ఇలా రెండుసార్లు వెళితే నీ పేరు గుర్తుంటుంది, తర్వాత రికమెండేషన్ లెటర్‌కో, ప్రాజెక్టు గైడ్‌గానో అడగాల్సి వచ్చినప్పుడు కొత్తమొహంలా నిలబడక్కర్లేదు.

నలుగురితో ఒక చిన్న గుంపు పెట్టుకో. అందరూ ఒకే రూమ్‌వాళ్లు కాకుండా చూసుకో. వారానికి ఒకసారి గంటసేపు, ఒక్కొక్కరు ఒక్కో టాపిక్ మిగతావాళ్లకు చెప్పాలి. చెప్పబోతే ఎక్కడ ఆగిపోతావో అక్కడే నీకు రాదని తెలుస్తుంది. ఐదుగురు దాటారంటే అది చదువు గుంపు కాదు, బిర్యానీ గుంపు.

ఏఐ చాట్‌బాట్ల సంగతి కూడా ఒక మాట. అసైన్‌మెంట్ మొత్తం దానితో రాయించి ఎక్కించావంటే ఐదు మార్కులు నీకు, చదువు దానికి. నువ్వు రాసింది పెట్టి "తప్పెక్కడుంది" అని అడుగు, అలా వాడుకుంటే పనికొస్తుంది. అది ధీమాగా తప్పు కూడా చెబుతుంది కాబట్టి ఫార్ములాలు పుస్తకంలో సరిచూసుకో.

ప్రోగ్రెస్ రిపోర్ట్ నీ చేతిరాతతో

ఆదివారం రాత్రి పది నిమిషాలు. ఒక నోట్‌బుక్‌లో వారానికి ఒక పేజీ. ఎడమవైపు సబ్జెక్టుల పేర్లు, పక్కన గడుల్లో ఇప్పటివరకు అటెండెన్స్ ఎంత, ఎన్నో యూనిట్ నడుస్తోంది, నాకు ఎంతవరకు వచ్చు, పెండింగ్ రికార్డులు, అసైన్‌మెంట్లు. కింద వచ్చే వారం చేయాల్సిన మూడు పనులు, మూడే. పది రాస్తే ఒక్కటీ చేయవు. ఆ నెల ఖర్చు కూడా పక్కన రాసుకో, యూపీఐ వచ్చాక డబ్బు ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియట్లేదు, రోజూ క్యాంటీన్‌లో నలభై రూపాయలు నెల చివర్లో పరీక్ష ఫీజు అంత అవుతుంది.

ఇంట్లోవాళ్లకు ఈ పేజీ ఫొటో తీసి పంపే ధైర్యం ఉంటే పంపు. నేను పంపలేదు. మా చెల్లెలు నాకు పంపుతోంది, రెండు వారాలు పంపి మూడో వారం ఎగ్గొట్టింది, అడిగితే ఫ్రెషర్స్ డే అంది. పర్లేదు, ఒక వారం తప్పితే తర్వాతి ఆదివారం మళ్లీ మొదలెట్టొచ్చు. వరసగా రెండు వారాలు తప్పితే మాత్రం జాగ్రత్తపడు.

బ్యాక్‌లాగ్ పడితే

అన్నీ చేసినా పడొచ్చు. రిజల్ట్ వచ్చిన రోజు ఏడవాలనిపిస్తే ఏడువు, మరుసటి రోజు నోటిఫికేషన్ చదువు. రీకౌంటింగ్‌కి, రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవడానికి కొద్ది రోజులే టైమ్ ఇస్తారు, బాగా రాశానని నమ్మకం ఉన్న సబ్జెక్టుకి మాత్రమే పెట్టు, ఆశతో అన్నింటికీ కట్టి డబ్బు పోగొట్టుకోకు. ఇంట్లో చెప్పెయ్. దాచిపెట్టిన బ్యాక్‌లాగ్ రెండుసార్లు తిట్టిస్తుంది, ఫెయిలైనందుకు ఒకసారి, దాచినందుకు ఒకసారి.

ప్లేస్‌మెంట్స్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు 60 శాతం లాంటి కటాఫ్, అప్పటికి యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు అని పెడతాయి. ఫస్టియర్‌లో పోయింది ఫస్టియర్ సప్లీలోనే తీసేస్తే చాలామంది దాన్ని పట్టించుకోరు. థర్డ్ ఇయర్ దాకా మోసుకెళ్తే అప్పుడు ఎం-వన్ పుస్తకం తీసినా పరాయి భాషలా ఉంటుంది.

దిగులు మార్కుల దగ్గర ఆగకుండా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం దాకా వెళితే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ర్యాగింగ్ అయితే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఈ రెండు నంబర్లూ అవసరం రాకముందే ఫోన్లో సేవ్ చేసి పెట్టుకో.

సప్లీ ఫీజుకి ఆఖరు తేదీ ఉంటుంది, దాటితే లేట్ ఫీజు, అదీ దాటితే మళ్లీ తర్వాతి నోటిఫికేషన్ దాకా ఆగాలి. నేను ఎం-వన్‌కి ఆఖరి రోజు సాయంత్రం లైన్లో నిలబడి కట్టా. ఆ సప్లీకి లెక్కలు చేసిన 200 పేజీల నోట్‌బుక్, ఎర్ర గీతలతో సహా, ఇప్పుడు మా చెల్లెలి దగ్గరుంది. నా లెక్కల్లో తప్పులు పట్టుకుని ఫొటోలు పెడుతోంది.